విప్లవ శబ్దము - అర్థపరిణామము

లోకవ్యవహారమున నొక శబ్దము కాలాంతరమునఁ దన పూర్వార్థమును విడిచి వేఱర్థమును బొందుట సహజము. ఇట్టి మార్పు సాధారణముగా మెల్లమెల్లగా, నెవ్వరును గమనింపకయే జరుగును. విప్లవ శబ్దము విషయమున నట్లు జరుగలేదు. పూర్వగ్రంథములందు దుర్భిక్షముతో జతగాఁ జెప్పఁబడిన యీ పదము 1970వ సంవత్సరమున నొక రచయితల సంఘమునకు నామధేయ మయ్యెను. ఒకనాఁడు రాకూడదని కోరుకొనినదానినే మఱియొకనాఁడు రమ్మని పిలిచిరి. ఈ మార్పు వెనుక ఫ్రాన్సు, రష్యా, వంగదేశము, శ్రీకాకుళము మున్నగు తావుల యుద్యమము లున్నవి.

ప్రపంచమునఁ దీవ్ర వామపక్షోద్యమములు విడిచిన వారసత్వ మెట్టిదని విచారించువారు రాజ్యములను, చట్టములను, మృతులను లెక్కింతురు. భాషలో మిగిలినదానిని లెక్కించువా రరుదు. ఆ లెక్క యీ వ్యాసమునకు విషయము. అందులకుఁ బూర్వపుఁ జిత్తూరు జిల్లాలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూఁడూళ్లు చక్కని నిదర్శనము లగుచున్నవి. మదనపల్లెలో నుద్యమముల మనుష్యులును, బుంగనూరిలో వాని ఫలితములును, గుప్పమున వాని పేళ్లును గాననగును.

వ్యుత్పత్తి, ప్రాచీనార్థము

గత్యర్థకమైన ప్లు ధాతువునకు వి యను నుపసర్గము చేరి, యుకారాంత ధాతువు గావున అప్ ప్రత్యయము వచ్చి, గుణమును, అవాదేశమును జరుగఁగా విప్లవ శబ్దము సిద్ధించును. తెలుఁగున మువర్ణకము చేరి విప్లవ మగుచున్నది. ఈ ధాతువు చెప్పు గతి నేలపై నడక గాదు. నీటిపైఁ దేలుట, దుముకుట, పొంగి పాఱుట. కావుననే కోఁతి ప్లవంగము, స్నానము ఆప్లవము, ప్రళయకాలపు వెల్లువ సంప్లవము, ఉపద్రవము ఉపప్లవము. ఉపసర్గము లేని ప్లవ శబ్దమునకుఁ దెప్ప యని యర్థము. అమరసింహుఁడు వారివర్గమున నట్లే చెప్పెను. ముంచు వెల్లువకును, ముంపునుండి దాఁటించు తెప్పకును మూలధాతు వొక్కటియే యని యిచట గమనింపవలయును.

వి యను నుపసర్గ మిచటఁ జెదరుటను సూచించును. నీరు గట్టు తెగి నలుగడలఁ జిమ్మినట్లు లోకవ్యవస్థ చెదరుట విప్లవము. సంకీర్ణవర్గమున నమరుఁడు డింబ డమర శబ్దములకుఁ బర్యాయముగా దీనిని జెప్పెను. దొమ్మి, దోపిడి, కల్లోలము అని తాత్పర్యము. బంధు వెవఁడో నిర్ణయించు ప్రసిద్ధ నీతిశ్లోకమునఁ గఱవు ప్రక్కనే రాష్ట్రవిప్లవము చెప్పఁబడినది. బ్రహ్మచర్యమునకు భంగము రానివానిని మనుస్మృతి యవిప్లుతబ్రహ్మచర్యుఁ డనుచున్నది. విప్లుతుఁ డనఁగాఁ జెడినవాఁ డన్నమాట. ఈ ప్రయోగములలో నొకదానియందును విప్లవమునకు జయము పలికినవాఁడు లేఁడు.

కుప్పము: మూఁడు భాషలు, మూఁడు చూపులు

యూరపు భాషలలో నీ యర్థమును జెప్పు రివల్యూషన్ అను పదము చుట్టి వచ్చుటను దెల్పు లాటిను ధాతువునుండి పుట్టినది. మొదట నది జ్యోతిశ్శాస్త్రపు మాట. కోపర్నికసు 1543లోఁ బ్రకటించిన గ్రంథనామమున నిది ఖగోళముల పరిభ్రమణార్థమునఁ గలదు. గ్రహము తిరిగి తన స్థానమునకే వచ్చును. కాని 1789 నాఁటి ఫ్రెంచి పరిణామము తరువాత నీ పదమునకుఁ దిరిగి రాని మార్పు అను నర్థము స్థిరపడెను. ఆ యేఁటి ఫ్రెంచి జాతీయసభలోనే రాజు నిషేధాధికారమును వ్యతిరేకించినవా రధ్యక్షునికి నెడమవైపునఁ గూర్చుండిరి. నేఁటి వామపక్ష శబ్దమునకు మూల మా కూర్చుండుటయే. సంస్కృతమున వామ శబ్దమునకు నెడమ, ప్రతికూలము, సుందరము అను మూఁడర్థములును గలవు. వామపక్షమను ననువాదము చేసినవా రెడమ నుద్దేశించిరి. వ్యతిరేకులు ప్రతికూలము నందురు, అభిమానులు సుందరము నందురు. శబ్దము మూఁటికిని జోటిచ్చుచున్నది.

ఉర్దూలోని ఇంక్విలాబ్ తలక్రిందు చేయుట యను నర్థము గల యరబ్బీ ధాతువునుండి వచ్చినది. అఱవమునఁ బురట్చి. దాని మూలమైన పురళ్ అను ధాతువునకుఁ దెలుఁగు పొరలు సోదరము. పొరలుట యనఁగా దొరలుటయు, నిండి వెలికిఁ జిమ్ముటయు. కన్నడ హిందీలలోఁ గ్రాంతి. ఇది యడుగు వేయుట యను నర్థము గల క్రమ్ ధాతువునుండి వచ్చి, మన సంక్రాంతికిఁ దోఁబుట్టు వగుచున్నది. వంగభాషయు, మలయాళమును, దెలుఁగును విప్లవమునే గ్రహించినవి. తెలుఁగులో దేశ్యమైన తిరుగుబాటు కలదు. దానియందును దిరుగుట యను భావమే యున్నది.

ఆంధ్ర, కర్ణాట, ద్రావిడ సీమలు కలియు మూల కుప్పము. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయ మిచట స్థాపింపఁబడుటకు నీ భాషాసంగమమే తగిన కారణము. కుప్పమునుండి కృష్ణగిరివైపు పోవువానికి గోడలపైఁ బురట్చి యనియుఁ, గోలారువైపు పోవువానికిఁ గ్రాంతి యనియు, నూరిలో విప్లవ మనియుఁ గనఁబడును. ఒకే సంఘటనమును దమిళుఁడు తలక్రిం దగుటగాను, గన్నడిగుఁడు ముందడుగుగాను, దెలుఁగువాఁడు వెల్లువగాను జూచుచున్నాఁడు. మూఁటిలోను భయముతోఁ గూడినది తెలుఁగువాఁడు గ్రహించిన పదమే.

ఎల్ల దాఁటఁగానే మాట తల క్రిందగుట కింకను స్పష్టమైన యుదాహరణము ముష్కర శబ్దము. తెలుఁగున ముష్కరుఁ డనఁగా మూర్ఖుఁడు, దుష్టుఁడు. వార్తాపత్రికలలో హంతకులకు నీ పదమును వాడుదురు. కుప్పమునకు సమీపమునఁ గన్నడ సీమలోని కోలారు బంగారు గనులలో 1930లోను 1946లోను గొప్ప సమ్మెలు జరిగెను. 1946 నవంబరులోఁ బోలీసులు కాల్పులు జరుపఁగా నార్గురు కార్మికులు మరణించిరి. గనులు 2001లో మూఁతపడినవి. సమ్మెకుఁ గన్నడమున ముష్కర మని పేరు. ఎల్ల కీవల నిందాపదమైనది యావలఁ గార్మికుల హక్కునకు సంజ్ఞ. శబ్దమునకు సహజముగా గౌరవము గాని నీచత్వము గాని లేదనియు, వాడిన జనుల యనుభవమే దానికి విలువ నిచ్చుననియు దీనివలన నేర్పడుచున్నది.

మదనపల్లె: పేరు లేని విప్లవము

మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల పేరు చెప్పఁగనే, 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు జనగణమన గీతము నిచట నాంగ్లీకరించిన విషయము పండితులకు స్ఫురించును. 1915లో నీ కళాశాలను స్థాపించిన అనీబిసెంటు పూర్వచరిత్ర యంతగాఁ దెలియదు. ఆమె లండనునఁ దీవ్ర సామ్యవాదిని. 1887 నవంబరు 13న ట్రఫాల్గరు కూడలిలో నిషేధమును ధిక్కరించి జరిగిన ప్రదర్శనమున నామె పాల్గొనెను. 1888 జూన్‌లో నగ్గిపుల్లల కర్మాగారపు బాలికల దుస్థితినిగూర్చి యామె వ్రాసిన వ్యాసము సంచలనము పుట్టించెను. తరువాతి నెలలో సుమారు 1,400 మంది స్త్రీలు, బాలికలు సమ్మె చేసి, కూలిలోఁ గోఁతపెట్టు జరిమానాలను రద్దు చేయించుకొనిరి. 1889లో నామె దివ్యజ్ఞానమతమును గైకొని, 1893లో భారతదేశమునకు వచ్చెను.

మతము మాఱినను సంఘటనశక్తి మాఱలేదు. 1916లో నామె స్వపరిపాలన సంఘమును స్థాపించెను; 1917 జూన్‌లోఁ బ్రభుత్వ మామెను నిర్బంధించెను. ఆమెతోఁ గూడ నిర్బంధింపఁబడిన వాడియా 1918 ఏప్రిల్ 27న మద్రాసు కార్మికసంఘమునకు నధ్యక్షుఁ డయ్యెను. దేశమునఁ గ్రమబద్ధమైన తొలి కార్మికసంఘ మిదియే యని చరిత్రకారుల మతము. లండను సమ్మె చేయించిన హస్తమునకును, మద్రాసు మిల్లులకును నడుమ దూర మిట్లు తఱిగెను. మదనపల్లెలో నాంగ్లోపాధ్యాయుఁడుగాఁ జేరిన జేమ్సు కజిన్సు ఐర్లండు కవి. 1916 నాఁటి డబ్లిన్ తిరుగుబాటును మెచ్చి వ్రాసిన కారణమున నాతఁ డనీబిసెంటు పత్రికలోని యుద్యోగమును గోలుపోయి, యామె కళాశాలకే వచ్చెను. ఆ సమ్మె చేయించిన యామెయే 1919 నాఁటి సత్యాగ్రహమును, 1920 నాఁటి సహాయనిరాకరణమును వ్యవస్థాభంగ మగునని వ్యతిరేకించెను. ఇచట విప్లవ శబ్దమునకుఁ గల రెండర్థములును నొక్క జీవితముననే కనఁబడుచున్నవి. యౌవనమునఁ దెప్పగాఁ దోఁచినది వార్ధకమున వెల్లువగాఁ దోఁచెను.

మదనపల్లె సమీపముననే యున్న ఋషివ్యాలీ పాఠశాలలోఁ జదివిన తరిమెల నాగిరెడ్డి మార్గము దీనికి విపరీతము. సంపన్న రైతుకుటుంబమున 1917లోఁ బుట్టిన యాతఁడు 1952 శాసనసభ యెన్నికలో ననంతపురమున నీలం సంజీవరెడ్డి నోడించెను. ఆ సంజీవరెడ్డి యాతని బావయే. పిదప రాష్ట్రపతి యయ్యెను. నాగిరెడ్డి 1969లో శాసనసభ్యత్వమును వదలి సాయుధ విప్లవమార్గమునకు మరలెను. 1976 జూలై 28న నజ్ఞాతమున మరణించెను. హైదరాబాదు కుట్రకేసున నాతఁడు న్యాయస్థానమున కిచ్చిన వాఙ్మూలము 'తాకట్టులో భారతదేశం' అను పేరఁ బుస్తకమైనది. ఆ పేరును వైయాకరణులు పరిశీలింపవలయును. దేశముయొక్క యార్థిక పరాధీనతను జెప్పుటకు సంస్కృత సమాసము గాక, షావుకారు వాకిట రైతు పలుకు తాకట్టు శబ్దము గ్రంథశీర్షికను జేరినది. విప్లవోద్యమము భాషకుఁ జేసిన రెండవ మార్పిదియే: ఒక తత్సమమున కర్థము మార్చుట మాత్రమే గాక, వాకిటి మాటలను గ్రంథముల తలకెక్కించుట.

అర్థము తిరిగిన క్రమము

విప్లవ శబ్దమునకు గౌరవము గలుగుటకు మొదటి మెట్టు జాతీయోద్యమము. 1929 ఏప్రిల్ 8న భగత్‌సింగు, దత్తు కేంద్ర శాసనసభలో బాంబు వేసి ఇంక్విలాబ్ జిందాబాద్ అని యెలుగెత్తిరి. ఆ జూన్‌లో న్యాయస్థానమున నిచ్చిన ప్రకటనమున విప్లవ మనఁగా బాంబు పిస్తోళ్ల యారాధనము గాదనియు, నన్యాయముపై నిలిచిన వ్యవస్థను మార్చుటయే యనియు వారు వివరించిరి. అది తీర్పుకొఱకుఁ జేసిన వాదము మాత్రమే గాదు. శబ్దార్థ వివరణమును గూడ. ఆంధ్రమున 1922-24 నడుమ నల్లూరి సీతారామరాజు నడపిన పోరాటమును బ్రభుత్వ పత్రములు ఉర్దూమూలకమైన పితూరీ శబ్దమునఁ బేర్కొనఁగా, జనులు దానినే మన్యవిప్లవ మనిరి. వ్రాసిన చేతిని బట్టి సంఘటన కొకట నేరము, మఱియొకట గౌరవము సంక్రమించినవి.

రెండవ మెట్టు సాహిత్యసంఘముల పేళ్లు. 1943లోఁ దెనాలియం దేర్పడిన సంఘము అభ్యుదయ రచయితల సంఘము. అభ్యుదయము మంగళవాచకము, శుభకార్యారంభమున నాభ్యుదయికము చేయుదురు. ఆ పేరు విన్న వైదికుఁడును నొవ్వఁడు. 1946 జూలై 4న గడవెండిలో దొడ్డి కొమరయ్య మరణముతోఁ దెలంగాణ సాయుధపోరాటము రగిలి, 1951 అక్టోబరున విరమింపఁబడెను. 1965లో దిగంబర కవులు వచ్చిరి. ఇది శివునకును, జైనులకును జెందిన పేరు, దానిని వారు సంఘమును నిందించుటకు గ్రహించిరి. 1967 మే నెలలో డార్జిలింగు జిల్లాలోని నక్సల్బరి గ్రామమున రైతుల తిరుగుబాటు జరుగఁగా నొక పల్లె పేరు దేశభాషల కన్నింటికిని నక్సలైటు అను నూతన నామవాచకము నిచ్చెను. 1970 జూలై 4న హైదరాబాదున శ్రీశ్రీ యధ్యక్షుఁడుగా విప్లవ రచయితల సంఘము వెలసెను. ఇరువదియేడేండ్లలో సంఘనామము మంగళవాచకమునుండి యుత్పాతవాచకమునకు మరలెను. పేరు పెట్టినవారి కది యుత్పాతము గాదు, వారి యాశ.

ఆ జూలై పదవ తేదీననే శ్రీకాకుళపు గిరిజనోద్యమ నాయకులైన వెంపటాపు సత్యము, ఆదిభట్ల కైలాసము పోలీసుల చేత మరణించిరి. ఇరువురును బడిపంతుళ్లు. జముకుల కథను బ్రచారమునకుఁ గైకొని పల్లెలఁ దిరిగిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరుననే చంపఁబడెను. సంఘముపేరునకును, చితికిని నడుమ నాఱు దినములే యెడము. తరువాతి దశాబ్దములలోఁ దుపాకులకు నటు నిటు నడుమఁ జిక్కిన గిరిజనుల కీ శబ్దముయొక్క ప్రాచీనార్థమే ప్రత్యక్ష మయ్యెను. నూతనార్థము పుట్టినంత మాత్రమున మొదటి యర్థము చావలేదు.

పుంగనూరు: రద్దు, ఆవు

పుంగనూరు జమీందారీ సీమ. కుప్పమును గంగుంది జమీందారీలోనిది. ఈ సీమలలోఁ దరతరములుగా నున్న యధికారము 1948 నాఁటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టముచేఁ దొలఁగెను. రైతుసంఘముల యాందోళనము, 1937లోఁ బ్రకాశము పంతులు నాయకత్వమున నేర్పడిన విచారణ సంఘము, వామపక్షముల యొత్తిడి యీ చట్టమునకు దారి తీసినవి. నేలపై హక్కు చేతులు మాఱుటకంటె గొప్ప మార్పు పల్లెలో లేదు. అయినను దీనిని విప్లవ మని యెవ్వరు ననలేదు. కచేరీమాటయైన రద్దు శబ్దముతోనే సరిపుచ్చిరి.

దీనికి విపరీతముగాఁ, జిన్న పెద్ద మార్పుల కన్నింటికిని విప్లవ శబ్దమును దగిలించుట తరువాత నాచార మయ్యెను. 1968 మార్చిలో నమెరికా సహాయసంస్థ యధిపతి విలియమ్ గాడ్ క్రొత్త వంగడముల వ్యవసాయమునకు హరిత విప్లవ మని పేరిడుచు, నిది సోవియట్టుల యెఱ్ఱ విప్లవము వంటిది గాదని స్పష్టముగాఁ జెప్పెను. ఎఱ్ఱదానిని నివారింపఁ గోరినవాఁడును దాని పేరునే యెరువు తెచ్చుకొనవలసి వచ్చెను. ప్రపంచ వామపక్షోద్యమముల విజయమునకు నింతకన్న విచిత్రమైన సాక్ష్యము దొరకదు. ప్రతిపక్షి సైతము వారి మాటలోనే మాటాడెను.

1970లో జాతీయ క్షీరాభివృద్ధి సంస్థ యారంభించిన పథకమునకు ఆపరేషన్ ఫ్లడ్ అని పేరు. ఫ్లడ్ అనఁగా వెల్లువ. మనవారు దానిని క్షీరవిప్లవ మనిరి. తెలిసియో తెలియకయో యనువాదమున ధాత్వర్థమే పలికినది. దేశమునఁ బాలు పెరిగినవి. చిన్న రైతుల యిండ్లకు రొక్కము వచ్చినది. ఎక్కువ పాలకై విదేశపు టాఁబోతులతో సంకరము చేయు పద్ధతియు నా కాలమునఁ బ్రబలెను. దానివలనఁ బుంగనూరు పొట్టి యావు నశించు స్థితికి వచ్చెను. మూఁడడుగుల యెత్తునకు మించక, కొంచెపు మేఁతతో బ్రదికి, చిక్కని వెన్నగల పాల నిచ్చు నీ జాతి కఱవుసీమకుఁ దగినది. పలమనేరు పశుపరిశోధన కేంద్రమున దానిని గాపాడుటకుఁ గృషి చేసిరి. క్షీరవిప్లవమున విప్లవ శబ్దము దేశమునకుఁ గ్రొత్త యర్థమునను, బుంగనూరు టావునకుఁ బ్రాత యర్థమునను నొక్కసారియే యన్వయించినది.

పండితుల కర్తవ్యము

పై విచారమువలన మూఁడు విషయములు తేలుచున్నవి. తీవ్ర వామపక్షోద్యమములు తాము కోరిన రాజ్యములను బెక్కుచోట్ల స్థాపింపఁజాలకపోయినను, నొక భయవాచకము నాశావాచకముగాఁ జేసినవి, ఇది మొదటిది. ఆ శబ్దబలమును బ్రతిపక్షులును, బ్రభుత్వములును, వర్తకులును నెరువు తీసికొనఁగా నది పలుచఁబడినది, ఇది రెండవది. క్రొత్త సబ్బుబిళ్లయు విప్లవాత్మక మని ప్రకటింపఁబడునాఁడు శబ్దమున వేఁడి మిగులదు. వెల్లువలో మునిఁగినవారికిఁ బ్రాచీనార్థమే నేఁటికిని సత్యము, ఇది మూఁడవది.

కావున నిఘంటుకారులు విప్లవ శబ్దమునకుఁ గల్లోలార్థమును, వ్యవస్థాపరివర్తనార్థమును, బ్రకటనలలోని శ్లాఘార్థమును వేఱువేఱుగాఁ జూపి, కాలనిర్దేశముతోఁ బ్రయోగముల నీయవలయును. పాఠశాలలలోఁ బండితులు నొక్క యర్థమునే చెప్పి విరమింపరాదు. ప్రాచీనార్థము మాత్రమే చెప్పినచో సత్యము, కైలాసము వంటి యుపాధ్యాయులు దేనికై ప్రాణము లిచ్చిరో బాలునకు బోధపడదు. నూతనార్థము మాత్రమే చెప్పినచో నా మార్గమున నెవరెవరు మునిఁగిరో తెలియదు. వెల్లువకును దెప్పకును ధాతు వొక్కటియే యని వ్యాకరణము చెప్పును. ఏది వెల్లువ యయ్యెనో, యేది తెప్ప యయ్యెనో నిర్ణయించుట చరిత్ర పని. ఆ రెండును దెలిపి, నిర్ణయమును విద్యార్థికి విడుచుట యుపాధ్యాయధర్మము.